లేత గీత, ఖాళీ గది

జూన్ 9, సోమవారం

ఇది ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. సరసమ్మ విషయంలో నా అభిప్రాయం వారానికొక విధంగా మారుతోంది. మారిన ప్రతిసారీ మొదటి నుంచీ నేను అలాగే అనుకున్నానన్న భ్రమ కలుగుతోంది. కేసు కాగితంలో నిర్ణయాలు ఉంటాయి. నిర్ణయానికి ముందు మనసు ఎటు మొగ్గిందో అందులో ఉండదు. దానికోసం ఈ పుస్తకం. తెలుగులో రాస్తే దీనికి తాళం వేయనక్కర లేదు. మా అమ్మాయి నివేద తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదివేది తమిళమే.

సరసమ్మ తిరుత్తణిలో నేతవాళ్ల వీధి మనిషి. వయసు నలభై దాటింది. శనివారాలు నేను అక్కడ చూసే క్లినిక్‌కు భర్త అరుణాచలం, తోడికోడలు దేవసేన చెరొక పక్క పట్టుకుని తీసుకువచ్చారు. నడుము లోపలికి వంగి అక్కడే బిగుసుకుపోయింది. పొట్ట కండరాలు చేతికి పలకలా తగులుతాయి. ఎవరైనా తలుపు చప్పుడు చేస్తే ఒళ్లంతా కొయ్యబారిపోతుంది. అలాంటప్పుడు పడితే చేయి కూడా అడ్డం పెట్టుకోలేదు, నిలువునా పడుతుంది. గోడో బల్లో తోడు మనిషో అందుబాటులో ఉంటే నడుస్తుంది. ఖాళీ చోటు దాటమంటే నిలబడిపోతుంది. నా గది గుమ్మం నుంచి కుర్చీ దాకా ఉన్న కొద్దిపాటి నేల ఆమెకు ఏరులా అడ్డుపడింది. నాకంటే ముందు చూసిన ముగ్గురు వైద్యులు ఇది మనసుకు సంబంధించినదన్నారు. వీధిలోవాళ్లు దానికి ఇంకా చిన్న మాట వాడారు: నడిప్పు, అంటే నటన.

బిగుతు జబ్బు ఒకటి ఉంది, అరుదైనది. దాని లక్షణాలన్నీ ఈమెలో ఉన్నాయని నాకు అనిపించింది. రక్తం పంపించాను. ఆ పరీక్షలో ఒక పట్టీ మీద వరసగా కొన్ని ప్రొటీన్లు ఉంటాయి. దేనికి వ్యతిరేకంగా ఒంట్లో యాంటీబాడీలు పుట్టాయో దాని దగ్గర గీత పడుతుంది. ఈ జబ్బులో తరచు పడే గీత పడలేదు. యాంఫిఫైసిన్ అనే ప్రొటీన్ దగ్గర మాత్రం ఒక లేత గీత పడింది. కిటికీ దగ్గర పెట్టి చూస్తే ఉంది. దీపం కింద చూస్తే ఉన్నట్టుంది.

యాంఫిఫైసిన్ నాకు ఉత్త పేరు కాదు. చెన్నైలో పరిశోధన చేసిన రోజుల్లో నా వయసులోని మంచి భాగమంతా దానికే ఇచ్చాను. ఇప్పుడు నాకు భయం కలిగించేది కూడా అదే. జీవితంలో ఎక్కువ కాలం ఒకే పక్షిని వెదికినవాడు ఆకు కదిలినా ఆ పక్షే అంటాడు.

గీత నిజమైతే సరసమ్మ రొమ్ములో చిన్న క్యాన్సర్ గడ్డ దాగి ఉండే అవకాశం చాలా ఉంది. అబద్ధమైతే లేని గడ్డ కోసం ఒక ఇంటి మనుషులను నేను భయపెడుతున్నాను.

జూన్ 14, శనివారం

అరుణాచలం ఈ రోజు ఒక ప్రశ్న అడిగాడు.

“మెదడులో ఉండేదానికి రొమ్ములో ఏం పని సార్?”

గడ్డలోని కణాలు క్రమం తప్పి, తమకు పనిలేని ప్రొటీన్లను కూడా ఒక్కొక్కప్పుడు తయారుచేస్తాయని చెప్పాను. ఒళ్లు ఆ గడ్డను శత్రువుగా గుర్తించి దాని మీద యాంటీబాడీలు వదులుతుంది. అదే ప్రొటీన్ నాడుల చివర్లలో కూడా ఉంది కాబట్టి దెబ్బ అక్కడా తగులుతుంది. ఆయన తల ఊపాడు గానీ అర్థమైనట్టు లేదు. అప్పుడు వాళ్ల పని నుంచే చెప్పాను.

నాడి చివర చిన్న చిన్న బుడగలు ఉంటాయి, నూలు చుట్టిన కండెల్లా. కండెలోని నూలు అయిపోయినట్టు బుడగలోని రసాయనం బయట ఒలికిపోగానే దాని పని అయిపోతుంది. ఆ ఖాళీ పొరను తిరిగి లోపలికి లాగి, గుండ్రంగా వంచి, మళ్లీ నింపి వాడుకోవాలి. పొరను వంచే పనిలో ఈ ప్రొటీన్‌ది ఒక చెయ్యి. అరటి డొప్పలా వంపు తిరిగి ఉంటుంది. పొరకు ఆనుకుని దాన్నీ వంపు తిప్పుతుంది. మెడ దగ్గర తుంచే ప్రొటీన్‌ను పిలుచుకు వస్తుంది.

“ఉట్టి కండెలు తిరిగి రాకుంటే నాడె ఉట్టిదే ఆడతాది,” అన్నాడు అరుణాచలం నెమ్మదిగా, కండెను మోసే నాడె అటూ ఇటూ పోయే తీరు చేత్తో చూపిస్తూ. “గుడ్డ నిలిచిపోతాది.”

అంతే. కండరాలకు ‘చాలు, ఆగు’ అని చెప్పే నాడులకు బుడగలు అందకపోతే ఆపేవాళ్లు లేక కండరాలు బిగిసే ఉంటాయి.

దేవసేన నవ్వింది. “మా బావ ఒక కండె చుట్టీదానికి ఇల్లంతా కేక పెడతాడు సార్. అక్క మెదడులో ఎవుర్ని పిలిచేది?”

సరసమ్మ కూడా నవ్వబోయింది. నవ్వు పొట్టలోకి దిగగానే కండరాలు పట్టేశాయి. కాసేపటికి తేరుకుని అంది: “ముగ్గురు డాక్టర్లు నాకు ఏమీ లేదన్నారు సార్. ఏమీ లేనిదానికి ఇంత బరువుంటాదా?”

పొర వంగకపోవడానికీ ఆమె నడుము వంగకపోవడానికీ ఉన్న పోలిక మాటల్లోనే ఉంది, శరీరంలో లేదు. ఆ పోలికను వాళ్ల ముందు వాడబోయి మానుకున్నాను. వాడి ఉంటే అందరికీ నచ్చేది, అబద్ధం కూడా అయ్యేది.

కండరాలు సడలడానికి మాత్రలు రాశాను. తిరువళ్ళూరులో ఒక స్కాన్ కేంద్రంలో మామోగ్రామ్‌కు రాసి ఇచ్చాను. శుక్రవారం వస్తామన్నారు.

జూన్ 20

మామోగ్రామ్ నివేదిక వచ్చింది. రెండు వైపులా ఏమీ లేదు.

జూన్ 23

మంచి వార్త. గడ్డ లేదన్నది ఎవరికైనా మంచి వార్తే. నాకు నిరాశగా లేదు.

స్కాన్ తీసిన అమ్మాయి మోనిషాకు ఫోన్ చేశాను. రోగి పడిపోయిందా, నిలబెట్టడానికి ఇబ్బంది అయిందా అని అడగడానికి మాత్రమే. ఆ యంత్రం గదికి నడుమ ఉంటుంది, చుట్టూ పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఆమెను అక్కడికి ఎలా తీసుకువెళ్లారో తెలిస్తే మరొకరికి ఉపయోగపడుతుందనుకున్నాను.

మోనిషాకు నా ప్రశ్నే అర్థం కాలేదు. ఆమె చక్కగా నడిచి వచ్చిందట, చెప్పినట్టు నిలబడిందట, యంత్రం చల్లగా ఉందని ఏదో వేళాకోళం కూడా ఆడిందట.

“నల్లా నడందాంగ సార్. ఒక్కతే వచ్చినారు,” అంది.

మాత్రలు పనిచేసి ఉండవచ్చు. కాని అంత తొందరగా, అంత బాగా పనిచేయవు.

జూన్ 25

తిరువళ్ళూరులో నేను పనిచేసే ఆస్పత్రిలో హేమనాథ్‌తో మాట్లాడాను. నాకంటే చాలా చిన్నవాడు, జనరల్ మెడిసిన్ చూస్తాడు. తొందరపడే మనిషి కాదు. పట్టీ, నివేదిక రెండూ చూశాడు. ఇలాంటి లేత గీతలు ఆరోగ్యవంతుల్లో కూడా పడుతుంటాయని నాకు గుర్తు చేశాడు, నేనే అతనికి ఒకప్పుడు చెప్పిన మాట. తర్వాత, “మీరు చూస్తున్నప్పుడు నడవలేదు, మీరు చూడనప్పుడు నడుస్తుంది. దీన్ని మీరే అయితే మాకు ఏమని నేర్పిస్తారు సార్?” అన్నాడు.

దీనికి ఒక పేరు ఉంది, ఒంట్లో కాక మనసులో పుట్టిన జబ్బని. ఆ పేరు నేను ఇతరుల రోగుల గురించి చాలాసార్లు రాశాను.

జూన్ 30

అదే రక్తంలో మిగిలిన భాగాన్ని వేరే ప్రయోగశాలకు పంపించాను. అక్కడ యాంఫిఫైసిన్ దగ్గర గీత లేదు.

మొదటి పట్టీని మళ్లీ తీసి చూశాను. ఉంది. ఇప్పుడు నాకు అది ఉన్నట్టు కనిపించడమే అనుమానంగా ఉంది.

తెలిసినది: నడుము బిగుతు నా చేతికి తగిలింది. చేతికి తగిలినది పుస్తకం చదివి ఎవరూ నటించలేరు. కాని బిగుతు భయం వల్ల కూడా వస్తుంది. సడలించే మాత్ర భయాన్ని కూడా తగ్గిస్తుంది. కాబట్టి మాత్రకు గుణం కనిపించినా అది నాకు సాక్ష్యం కాదు. ఇన్నాళ్లూ దాన్ని సాక్ష్యంగా లెక్కవేసుకున్నాను.

నాకు నిరాశగా లేదు అని పైన ఎక్కడో రాశాను. అలా రాయవలసిన అవసరం ఎందుకు వచ్చిందో.

జులై 5, శనివారం

తిరుత్తణి. సరసమ్మ నా గది గుమ్మం దగ్గర ఎప్పటిలాగే ఆగిపోయింది. దేవసేన చెయ్యి అందించబోతే నేను వద్దన్నాను. ఆమెను ఒంటరిగా రమ్మన్నాను. చూడాలనుకున్నాను.

ఆమె నా ముఖం చూసింది. పై పెదవి మీద చెమట పట్టింది. కాలు ఎత్తబోయింది, ఎత్తలేదు. నేను ఎంతసేపు అలా ఉంచానో తెలియదు. చివరకు దేవసేనే నన్ను అడగకుండా వెళ్లి పట్టుకుంది. కూర్చోబెట్టాక దేవసేన నా వైపు చూడలేదు. మామూలుగా వాగుడుకాయలా ఉండే మనిషి ఈ రోజు ఒక్క మాట కూడా ఆడలేదు. నా మీద కోపం అనుకున్నాను.

అరుణాచలం నన్ను బయటకు పిలిచాడు.

“ఏదో ఒక పేరు పెట్టండి సార్. జబ్బైతే జబ్బనండి, మోస్తాం. నడిప్పైతే నడిప్పనండి, తిట్టుకోనైనా తిట్టుకుంటాం. రెండూ కాకుండా ఇంట్లో అన్నం దిగేది లేదు.”

వచ్చే శనివారం చెబుతానన్నాను. ఇంటికి వచ్చి కేసు కాగితం మీద ‘శారీరక కారణం కనిపించలేదు’ అని రాశాను. సంతకం పెట్టలేదు. తేదీ మాత్రం వేశాను, పన్నెండు అని.

జులై 9

శనివారం రాసిన వాక్యం నిజమే. కనిపించలేదు. లేదని కాదు కదా నేను రాసింది. కాని చదివేవాళ్లు లేదనే చదువుతారు. ఇంకెవరూ ఆమెకు స్కాన్ తీయరు. ఒకవేళ గడ్డ ఉంటే, అది పెరిగి చేతికి తగిలేదాకా నా వాక్యమే దానికి కాపలా కాస్తుంది.

గడ్డ లేదని నివేదికలో ఉంది. ఎన్నిసార్లు దీని చుట్టూ తిరుగుతాను.

జులై 12, శనివారం

సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో వరసగా రాయాలి.

తిరువళ్ళూరులో తెల్లవారుజాము రైలు ఎక్కాను. క్లినిక్ తెరవడానికి చాలా వ్యవధి ఉంది. వాళ్ల ఇంటికే వెళ్లి చెబుదామనుకున్నాను. కఠినమైన మాటను సొంత గడపలో వింటే కాస్త నయం. అదొక మర్యాద అని నాకు నేను చెప్పుకున్నాను. అనుమానం కూడా ఉండి ఉంటుంది.

వీధిలో పావు సాగదీసి ఉంది. పడుగును ఇక్కడివాళ్లు అలాగే అంటారు. మరమగ్గాలు వచ్చాక వీధిలో గంజి పెట్టేవాళ్లు ఒకటి రెండు ఇళ్లకు మించి లేరు. ఈ కొస నుంచి ఆ కొస దాకా నూలు పోగులు నడుమెత్తున బిగించి ఉన్నాయి. ఒక పక్క దేవసేన, మరో పక్క సరసమ్మ, చేతుల్లో గంజి కుంచెలు.

సరసమ్మ నడుస్తోంది. నడుము అదే బిగుతు, కాని అడుగు తడబడటం లేదు. ఎడమ చేతి వేళ్లు పోగుల మీద ఆనించి, కుడి చేత్తో కుంచె దువ్వుతూ ఆ కొస దాకా వెళ్లింది. గుంజ పట్టుకుని తిరిగింది. మళ్లీ వచ్చింది. నాకు కోపం వచ్చింది. ఎంత కోపం వచ్చిందో రాయకపోతే ఈ పుస్తకానికి అర్థం లేదు. ‘హేమనాథ్ చెప్పింది నిజం, ఈమె నన్ను ఆడించింది’ అనుకున్నాను. పక్కింటి అరుగు దగ్గర, ఆగి ఉన్న మినీ లారీ చాటున నిలబడ్డాను. వాళ్లు నన్ను చూడలేదు.

అరుణాచలం అరుగు మీద కాఫీ గ్లాసులు పెట్టి పిలిచాడు. పావుకూ అరుగుకూ మధ్య కొంచెం నేల, ఏమీ లేని నేల. దేవసేన పోగుల కింద నుంచి దూరి ఇవతలికి వచ్చింది. సరసమ్మ ఆఖరి పోగు మీద వేళ్లు ఉంచి నిలబడిపోయింది. వేళ్లు తీసింది. కాలు లేవలేదు. మళ్లీ వేళ్లు పెట్టింది. పై పెదవి మీద అదే చెమట. దేవసేన వెనక్కి చూడకుండా మోచెయ్యి చాపింది. సరసమ్మ దాన్ని పట్టుకుంది. ఇద్దరూ అరుగు చేరారు. అరుణాచలం తల కూడా ఎత్తలేదు. అది వాళ్లకు రోజూ జరిగేదే.

చూసేవాళ్లు ఎవరూ లేరు. నటన ఎవరి కోసం?

ఈ జబ్బులో ఇలాగే ఉంటుందని పుస్తకాల్లో ఉంది. వేలి కొసకు ఏదైనా ఆనితే చాలు, శరీరానికి ధైర్యం వస్తుంది. చదివాను, ఇతరులకు చెప్పాను కూడా.

నేను వాళ్ల ఇంటికి వెళ్లలేదు. క్లినిక్‌కు వాళ్లు వచ్చినప్పుడు ఇంకా కొన్ని పరీక్షలు చూడాలని మాత్రం చెప్పాను. అరుణాచలం నిట్టూర్చి, “సరే సార్, మీకే పేరు దొరకలేదంటే అది పేరున్న జబ్బే అయ్యుంటాది,” అన్నాడు. అది వెక్కిరింపో నమ్మకమో తెలియలేదు.

జులై 13

స్కాన్ గదిలో ఆమె దేన్ని పట్టుకుంది?

జులై 14, సోమవారం

నేను కబురు పంపకుండానే దేవసేన వచ్చింది. ఒంటరిగా, తిరువళ్ళూరు ఆస్పత్రికి. లోకల్ రైల్లో వచ్చిందట. వరసలో చివరిదాకా కూర్చుని అందరూ వెళ్లాక లోపలికి వచ్చింది. శనివారం నేను లారీ చాటున ఉండటం తాను చూశానని మొదట చెప్పింది.

నేనే అడిగాను. “ఆ రోజు స్కాన్ గదిలోకి ఎవరు వెళ్లారమ్మా?”

“నేనే పోయినాను సార్.”

ఆమె మాటల్లోనే రాయడానికి ప్రయత్నిస్తాను.

“అక్క గడప కాడ నిలిచిపోయినాది. లోపల అంతా కాలీ. ఆ పాప పేరు పిలిచినాది, మళ్లీ పిలిచినాది, రాకుంటే వేరే దినం రండి అనె. ఆ వేరే దినం ఎట్ల సార్? బావ మగ్గం నిలిపి, అక్కను మెట్లు దించి, రైలెక్కించి... బావ టీకి పోయుండె, అక్క ఏడస్తా ఉండాది. నా చెయ్యి పట్టుకుని నువ్వు పో అనె. నేను పోయినాను. సరసమ్మానా అంటే ఆమా అన్నాను.”

స్కాన్ ఎవరికి తీస్తే వాళ్ల సంగతే తెలుస్తుందని నీకు తెలియదా అని అడిగాను. గొంతు పెంచలేదనే అనుకుంటున్నాను.

“తెలుసు సార్. మడిసి మారితే పొటో మారతాదని తెలీకుండా ఉంటాదా.” ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. “పోయిన కృత్తికకు అక్క మొక్కు నేనే తీర్చినాను. అక్క కింద కూర్చునె, కొండ నేను ఎక్కితిని. చెల్లిందని గుడి అయ్యవారే చెప్పె. అక్కకి యాడ కాలు ఆడకుంటే ఆడ నేను పోతా ఉండాను గదా సార్, అంగడికి, రేషనుకు, పెండ్లిండ్లకు. ఇదీ అట్లే పోయినాను. బయటికి వచ్చినాకనే గుండె దడదడమనె. ఏమీ లేదని మీరు చెప్పినప్పుడు నాకు లేదని అర్తమైనాది. అక్కకు ఉందా లేదా ఎవురికీ తెలీదని అర్తమైనాది.”

“ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?”

“అవతలి వారం మీరు అక్కను గడపలో నిలబెట్టి చూస్తిరే. అప్పుడు చెప్పుంటే, చూడు, ఇద్దరూ కలిసి ఆడిన నాటకం అనుకుందురు.”

ఆమె చెప్పింది నిజం. నేను అలాగే అనుకునేవాడిని.

వెళ్లే ముందు ఒక మాట అంది. ఆ రోజు అక్కను గడప దగ్గర ఆపింది జబ్బో, లోపల ఏం బయటపడుతుందోనన్న భయమో తనకు తెలియదట. అక్కకూ తెలియదట. బావకు చెప్పవద్దని కోరింది. రికార్డు మార్చక తప్పదని, ఇంట్లో ఎవరు ఎవరికి చెప్పాలన్నది మాత్రం వాళ్ల ఇష్టమని చెప్పాను.

ఇప్పుడు నా సంగతి. హేమనాథ్ వేసిన ప్రశ్న, నేను పక్కన పెట్టిన గీత, సంతకం కోసం ఎదురుచూసిన ఆ వాక్యం, అన్నీ వేరే స్త్రీ నడకను చూసి కట్టినవి. ఆ కాగితం చించేశాను. చించడం సులువు. కాని దేవసేన బదులు సరసమ్మే వెళ్లి, నివేదిక అలాగే వచ్చి ఉంటే? అప్పుడూ ఆ వాక్యం తప్పే కావచ్చు. దాన్ని నేను చించేవాడిని కాదు.

జులై 15

మోనిషాకు స్వయంగా వెళ్లి చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. పేరు అడిగింది, జవాబు వచ్చింది, అంతకు మించి ఎవరూ ఆమెకు నేర్పలేదు. ఆధార్ చూసి సరిపోల్చడం ఇకపై వాళ్ల పద్ధతిలో చేర్చమని కేంద్రం పెద్దను అడిగాను. నేను రోగి నడవలేదని కాగితంలో రాయలేదు, తప్పు మొదట అక్కడ ఉందని చెప్పాను. అది మర్యాద కోసం చెప్పిన మాట కాదు.

పాత చిత్రాలు దేవసేన పేరుకు మార్చారు.

జులై 18, శుక్రవారం

గదిలో అంతటా కుర్చీలు వరసగా వేయించింది మోనిషా, గుమ్మం నుంచి యంత్రం దాకా, వీపులు ఒకే వైపు. ఆ ఆలోచన ఆమెదే. నేను బయట ఉన్నాను. తలుపు వేసేముందు సరసమ్మ మొదటి కుర్చీ వీపు మీద చెయ్యి వేయడం చూశాను. కూర్చోబెట్టే తీశారు.

దేవసేన బయట బెంచీ మీద నా పక్కన కూర్చుంది. లోపల యంత్రం చప్పుడు చేసినప్పుడల్లా ఉలిక్కిపడింది ఈమే.

జులై 19

ఎడమ వైపు చిన్న నీడ. అంచులు సరిగ్గా లేవు. చంకలో ఒక గ్రంథి ఉబ్బి ఉంది.

జులై 26, శనివారం

గడ్డ ముక్క తీసి చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. క్యాన్సర్. చిన్నదే. కోసి తీయగల దశలోనే ఉంది.

చెప్పాను. అరుణాచలం చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని విన్నాడు. ఈ మధ్యలో సరసమ్మే ఆయనకు స్కాన్ సంగతి చెప్పేసిందట. నేను అడగలేదు, ఆయనే అన్నాడు. మరదలిని ఏమీ అనలేదట. ‘రెండు పూటలు మాట్లాడలేదు, మూడో పూట కండె అందలేదు, మాట్లాడినాను’ అన్నాడు.

తర్వాత నేను భయపడుతున్న ప్రశ్న వేశాడు.

“గడ్డ తీసేస్తే నడస్తాదా సార్?”

కొందరు నడిచారని, కొందరికి కొంతే తగ్గిందని, ఈమె ఎవరిలో చేరుతుందో నాకు తెలియదని చెప్పాను.

సరసమ్మ నేను చెబుతున్నంతసేపూ నా బల్ల అంచు మీద వేళ్లు ఆనించి ఉంచింది.

జులై 27

సంతోషంగా ఉంది. రాయడానికే సిగ్గుగా ఉంది. ఒక మనిషికి క్యాన్సర్ ఉందని తేలితే నాలో ఒక మూల సంతోషం, నా గీత నిజమైందని. కాని గీత నిజమైందా? గడ్డ దొరికింది. గీత నిన్న ఎంత లేతగా ఉందో ఈ రోజూ అంతే. రెండో ప్రయోగశాలలో నిన్నా లేదు, ఈ రోజూ లేదు. ఈ వయసు స్త్రీలలో రొమ్ము గడ్డ ఏ గీతా లేకుండా కూడా వస్తుంది. మారింది నా నమ్మకం ఒక్కటే.

హేమనాథ్ ఫోన్ చేసి, “మీరే కరెక్ట్ సార్,” అన్నాడు. కాదని చెప్పబోయాను. అతనికి అది వినయంగా వినిపిస్తుందని ఊరుకున్నాను.

ఆగస్టు 7

చెన్నైలో ఆపరేషన్ అయింది. బాగా జరిగిందన్నారు. తీసిన గడ్డలో యాంఫిఫైసిన్ ఉందేమో చూడమని కోరాను. అది దొరికితే గొలుసు పూర్తవుతుంది.

ఆగస్టు 16

ఆడికృత్తిక. కొండ గుడికి వచ్చే కావళ్ల జనంలో తిరుత్తణికి దారి లేదు. క్లినిక్ మూశాను.

ఆగస్టు 22

గడ్డ పరీక్ష: యాంఫిఫైసిన్‌ను చూపే రంగు అక్కడక్కడా పట్టిందట, ఉందనడానికీ లేదనడానికీ చాలదట. నివేదిక రాసినవాడు జాగ్రత్తగల మనిషి. అతని మీద కోపం తెచ్చుకోవడానికి కారణం దొరకలేదు.

పాత చిక్కు ఒకటి మళ్లీ పట్టుకుంది. ఈ ప్రొటీన్ కణం లోపల ఉంటుంది. యాంటీబాడీ బయట తిరుగుతుంది. లోపలికి ఎలా పోతుంది? పొర వంగి లోపలికి ముడుచుకునేటప్పుడు బయటి ద్రవంతో పాటు దాన్నీ మింగుతుందేమోనని కొందరి ఊహ. అంటే ఆ తలుపు తెరిచేదీ, దెబ్బ తినేదీ ఒకటే కావచ్చు. లేదా యాంటీబాడీ ఒట్టి సాక్షి మాత్రమే, దెబ్బ వేరే కణాలు కొడుతున్నాయి. నేను పరిశోధన చేసిన రోజుల్లో ఈ ప్రశ్నకు త్వరలో జవాబు దొరుకుతుందని అందరం అనుకున్నాం.

సెప్టెంబరు 13, శనివారం

సరసమ్మ వచ్చింది. యాంటీబాడీలను అణచే మందు రెండు విడతలు పడింది. సడలించే మాత్ర సగానికి తగ్గించగలిగాను. పొట్ట ఇంకా గట్టిగానే ఉంది, పలకలా మాత్రం లేదు.

గుమ్మం దగ్గర ఆగింది. నేను లేచి నిలబడ్డాను. చెయ్యి చాపాలా వద్దా అని ఆలోచించాను. దేవసేన బయటే ఉండిపోయింది, కావాలనే కాబోలు. సరసమ్మ ఒక అడుగు వేసింది. ఇంకొకటి. మూడోదానికి ఒళ్లు బిగిసింది. నేను వెళ్లి పట్టుకున్నాను. మిగతాది నా మోచేతి మీద నడిచింది.

కూర్చున్నాక అరుణాచలం ఇక వీధిలో అందరికీ చెప్పేస్తానన్నాడు, గడ్డ వల్ల వచ్చిన జబ్బు, గడ్డతో పోయిందని. అంత గట్టిగా చెప్పవద్దన్నాను. ఆపరేషన్ వల్ల కావచ్చు, మందు వల్ల కావచ్చు, ఇంట్లో ఆమెను ఎవరూ అనుమానంగా చూడకపోవడం వల్ల కూడా కొంత కావచ్చు, వీటిని విడదీసే దారి నా దగ్గర లేదన్నాను. జబ్బు మాత్రం నిజమని, అది నా చేతికి తగిలిందని, అంతవరకు చెప్పుకోవచ్చన్నాను.

“చాలు సార్,” అన్నాడు.

సరసమ్మ నా ముఖంలోకి చూసింది. “నేను ఎన్నాళ్లు రావాల్సి ఉంటాది సార్? నాకు బాగయ్యేదాకా రావాల్నా, మీకు తెలిసేదాకా రావాల్నా?”

దేవసేన గుమ్మంలో నుంచి పకపకా నవ్వింది. సరసమ్మ కూడా నవ్వింది, జాగ్రత్తగా, పొట్ట పట్టకుండా, కొంచెం కొంచెంగా.

ఏది వెనకైతే అప్పటిదాకా అని చెప్పాను.

సాయంత్రం కేసు కాగితంలో రాసింది ఇక్కడ కూడా రాసుకుంటున్నాను, రేపు నా మాట నేనే మార్చుకోకుండా. రొమ్ములో క్యాన్సర్ ఉండింది, తీసేశారు. ఒంట్లో బిగుతు ఉండింది, కొంత తగ్గింది. మొదటి పట్టీ మీది లేత గీత ఈ రెంటినీ కలిపేదో కాదో తెలియదు. బిగుతు ఎందుకు తగ్గుతోందో తెలియదు. పూర్తిగా తగ్గుతుందో లేదో తెలియదు. క్యాన్సర్ తిరిగి వస్తుందో రాదో తెలియదు.